పన్నెండో పావురం

ఆ ఏడాది ఆగస్టులో నేను కోత మిషన్ నడిపిన రోజులకంటే దాని నీడన కూర్చుని టీ తాగిన రోజులే ఎక్కువ. జూలై చివర పట్టిన వాన వదల్లేదు. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి రోజూ నవ్వుతూ రేపు కాస్త తెరిపిస్తుందని చెప్పేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. గోధుమ కంకులు తడికి బరువెక్కి, గాలికి సుడులు తిరిగి నేలకొరిగాయి. కొన్నిచోట్ల కంకి మీదే మొలకలొచ్చాయి. నార్ఫోక్‌లో క్యాచ్‌పోల్ వాళ్ళ పొలంలో ఇరవై ఏడేళ్ళుగా మిషన్ తోలుతున్నాను. అంత దిక్కుమాలిన కోతకాలం నేనెరగను.

చేను నిలబడి ఉన్నంతకాలం అడవి పావురాలు దాని జోలికి పెద్దగా రావు. పడిపోతే మాత్రం వాటికి విస్తరి వేసినట్టే. మేం జనుపచెక్క అని పిలిచే నలభై ఎకరాల పొలంలో అవి వందలకొద్దీ దిగాయి. ఇరవై నిమిషాలకోసారి ఢామ్మని పేలే గ్యాస్ గొట్టం ఒకటి తెచ్చిపెట్టాం. రెండు రోజుల్లో దాని వేళలు వాటికి కంఠతా వచ్చేశాయి. పేలే ముందు లేచి, పేలాక తీరుబడిగా దిగేవి. ఒకటైతే ఆ గొట్టం మీదే కూర్చుని ఈకలు దువ్వుకుంటూ కనిపించింది. దాన్ని చూసి హిలరీ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

హిలరీ క్యాచ్‌పోల్ ఆ పొలానికి యజమాని. తండ్రి పోయాక తొమ్మిదేళ్ళుగా తనే నడుపుతోంది. ముందు ఏడాది వరదకు బంగాళాదుంప పోయింది. ఈసారి గోధుమ కూడా పోతే పొలం అమ్ముకోవాలని ఆమె అనలేదు గానీ, మా అందరికీ తెలుసు. క్లెమ్‌ను పిలుచుకురమ్మని నన్ను పంపింది.

క్లెమ్ లార్టర్‌కు అప్పటికి డెబ్బై మూడేళ్ళు. నలభై ఏళ్ళు చక్కెర ఫ్యాక్టరీలో చక్కెర తీసే బీటు దుంపలు కడిగే చోట పనిచేశాడు. ఆ నీళ్ళలో నాని నాని గోళ్ళు పచ్చబడి, రిటైరయ్యాక కూడా తెల్లబడలేదు. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. భార్య ఏవిస్ ఆయన తరఫున కూడా తనే మాట్లాడేది. ఆయనకున్న ఒకే ఒక్క వెర్రి పావురాల వేట. అది కూడా తుపాకి పట్టుకుని పరిగెత్తే రకం కాదు. ఏ పొలంలోనైనా రెండు రోజులు కంచె పక్కన ముక్కాలిపీట వేసుకుని ఊరికే కూర్చుని చూసేవాడు. పావురాలు ఎటునుంచి వస్తున్నాయి, ఏ చెట్టు దగ్గర మలుపు తీసుకుంటున్నాయి, ఏ వేళకు ఆకలి మీద ఉంటున్నాయి అన్నీ చూసుకుని, మూడో రోజున తుపాకి తెచ్చేవాడు.

జనుపచెక్కలో కాల్చుకోవడానికి ఆయనకు అనుమతి ఇచ్చింది హిలరీ తాతగారు. కాగితం లేదు, సంతకం లేదు. గేటు దగ్గర చెయ్యి కలిపి ఒక మాట అనుకున్నారు, అంతే. ఆ మాట తాతనుంచి కొడుక్కి, కొడుకునుంచి మనవరాలికి వచ్చింది. మా దగ్గర వేటగాడి ఆస్తి అంతా అలాంటి మాటలే. వాటిని సంపాదించడానికి ఒక జీవితకాలం పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక్క తూటా చాలు.

పందెపు పావురాన్ని కొట్టడం అలా పోగొట్టుకునే దారుల్లో మొదటిది. అడవి పావురం ఎవరి సొమ్మూ కాదు, పంట తింటుంది కాబట్టి కాల్చవచ్చు. పందెపు పావురం మాత్రం ఒకరింటి బిడ్డ. కాలికి ఉంగరం, రెక్క ఈక మీద యజమాని పేరు అచ్చు ఉంటాయి. పదిహేనేళ్ళ కిందట పైకప్పులు నేసే ఒకతను పొరపాటున అలాంటిదాన్ని కొట్టాడు. వారం తిరక్కుండా చుట్టుపక్కల రైతులంతా అతన్ని రావద్దన్నారు. అప్పుడు పబ్బులో అందరికంటే గట్టిగా మాట్లాడింది మన క్లెమ్మే. రెక్క మీద తెల్ల పట్టీ కళ్ళారా చూడకుండా వేలు ఆడించేవాడికి తుపాకి ఎందుకని, ఆ రెండు మాటల మనిషి అరగంట దులిపేశాడు. ఎగిరే అడవి పావురం రెక్కకు అడ్డంగా తెల్ల పట్టీ ఉంటుంది. అది కనబడితేనే కాల్చాలన్నది ఆయన పెట్టుకున్న నియమం.

మా ఊళ్ళో పందెపు పావురాలు పెంచేది ఐవర్ మ్యూటిమర్. జనుపచెక్కకు రెండు మైళ్ళలో ఉంటుంది ఆయన ఇల్లు. ఆ శనివారం కుర్ర పావురాల పందెం జరిగింది. ఉత్తరాన ఎక్కడో వదిలారు, ముందుగా సొంత గూటికి చేరినది గెలిచినట్టు. దారిలో వాన పట్టుకుని చెల్లాచెదరయ్యాయి. ఐవర్‌వి తొమ్మిది వెళితే మూడే ఇల్లు చేరాయి. మిగతావాటికోసం ఆయన పెరట్లో కుర్చీ వేసుకుని, జొన్నగింజల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. పొద్దున నేను పనికెళ్తుంటే అక్కడే, సాయంత్రం తిరిగొస్తుంటే అక్కడే. గింజల డబ్బా గలగలలాడిస్తే ఆ చప్పుడుకు దిగుతాయని ఆయన ఆశ.

క్లెమ్ రెండు రోజులు జనుపచెక్క గట్టున కూర్చుని చూశాడు. నేను గోధుమలో తేమ కొలవడానికి రోజుకు నాలుగుసార్లు వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా ఆయన నన్నే అడిగేవాడు, అవి ఓక్ చెట్టు మీదుగా వస్తున్నాయా, చర్చి వైపునుంచా అని. మెడలో బైనాక్యులర్ వేలాడుతూనే ఉంది. ఫ్లాస్కులోంచి టీ వంచితే సగం కప్పులో, సగం మోకాలి మీద పడింది.

"పెద్దాయనా, టీ నువ్వు తాగుతున్నావా, ప్యాంటుకు తాగిస్తున్నావా?" అన్నాను.

"దానికీ చలేస్తోందిరా డెరిక్" అన్నాడు.

నేను నవ్వాను. నాకు అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. కానీ ఆ చేను నిలబడాలి, హిలరీ నిలబడాలి, నా ఉద్యోగం నిలబడాలి. అనుమానాన్ని ఆ టీతో పాటే మింగేశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

గురువారం వాన ఆగి గాలి లేచింది. గోధుమలో తేమ ఇంకా ఇరవై శాతం పైనే ఉంది. మిషన్ కదిలే వీలు లేక మధ్యాహ్నం క్లెమ్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. కంచె వారన కర్రలు పాతి, వల కట్టి, పైన కొమ్మలు కప్పి చాటు చేసుకున్నాడు. ఎదురుగా పడిపోయిన గోధుమలో దీమపు పావురాలు పెట్టాడు. దీమం అంటే పైన ఎగిరేవాటిని నమ్మించి కిందికి దింపే ఎర. కొన్ని ప్లాస్టిక్ బొమ్మలు, కొన్ని అప్పుడే కొట్టిన పావురాలు. చచ్చినవాటికి గొంతు కింద పుల్ల గుచ్చి, మేస్తున్నట్టు తల నిలబెడతారు. అన్నిటినీ గాలికి ఎదురుగా, గుర్రపు నాడా ఆకారంలో పేర్చి, మధ్యలో దిగడానికి చోటు వదులుతారు. ఆ ఖాళీ చోటే ప్రాణాంతకం.

ఆయన కాల్చడం చూస్తే నా భయం పోయింది. తల తిప్పకుండా, ఎటో చూస్తున్నట్టే ఉండేవాడు. రెక్క కదిలితే చాలు, తుపాకి దానంతటదే వెళ్ళి ఆనేది. పావురం దూదిపింజలా రాలేది. అనవసరంగా భయపడ్డానురా అనుకుని, ఏవిస్ పంపిన సాండ్‌విచ్ నేనే తినేశాను. రెండింటికి వాన తుంపర మళ్ళీ మొదలైంది. ఏరుకుందాం అన్నాడు క్లెమ్. నువ్వు కూర్చో, నేను ఏరుకొస్తానని లేచాను.

చేలో పడ్డవాటిని ఒక్కొక్కటే సంచిలో వేసుకుంటూ పోతున్నాను. నాడా మధ్యలో, సరిగ్గా ఆ ఖాళీ చోటులో, ఒకటి వెల్లకిలా పడి ఉంది. నీలిరంగు. రెక్క చివర నాలుగు తెల్ల ఈకలు. మెడ సన్నం. ఎడమ కాలికి ఉంగరం. రెక్క విప్పి చూస్తే ఐవర్ మ్యూటిమర్ పేరు వాన నీళ్ళలో మెరుస్తోంది. డొక్క పట్టుకుంటే ఎముకలు చేతికి తగిలాయి. ఐదు రోజులుగా తిండి లేక, సొంత జాతి మేస్తోందనుకుని ఆకలికి దిగింది.

వెనక్కి తిరిగి చూశాను. క్లెమ్ చాటులో తూటాల డొప్పలు ఏరుకుంటున్నాడు. ఆలోచించలేదు. పావురాన్ని కోటు లోపలికి దోపుకుని, సంచితో తిరిగొచ్చాను. ఎన్ని అని అడిగితే పదకొండు అన్నాను.

"పన్నెండు" అన్నాడు.

"పదకొండే. అంతా వెతికాను."

"పన్నెండు పడ్డాయిరా. మధ్యలో ఒకటి పడింది. నాకు పడ్డ చప్పుడు తెలుసు."

కొట్టినదాన్ని చేలో వదిలి వెళ్ళడం ఆయన చరిత్రలో లేదు. అది దెబ్బ తిని ప్రాణంతో ఉంటే? ఆ మాట అడిగి, తుపాకి విప్పి పక్కన పెట్టి, చేలోకి నడిచాడు. కాసేపు కాలితో గోధుమను పక్కకు తీస్తూ చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తడిసిన కంకుల కిందికి పోనిచ్చి, నేలంతా తడుముకుంటూ జరిగాడు. తుంపర కాస్తా వానైంది. టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. అక్కడ లేదని నేను మూడుసార్లు చెప్పాను. ఆయన వినలేదు. డెబ్బై మూడేళ్ళ మనిషి నా కోటులో ఉన్న పావురం కోసం బురదలో పాకుతున్నాడు. నేను గొడుగులేని దిష్టిబొమ్మలా చూస్తూ నిలబడ్డాను.

ఎంతసేపో తెలియదు, ఇరవై నిమిషాలైనా అయి ఉంటుంది. నా వల్ల కాలేదు. వెళ్ళి ఎదురుగా చతికిలబడి, కోటు విప్పి, ఆ పావురాన్ని ఆయన చేతుల్లో పెట్టాను.

ఆయన దాన్ని చూడలేదు, తడిమాడు. మెడ, రొమ్ము, కాళ్ళు. బొటనవేలు ఉంగరం మీద ఆగింది.

"చదువు" అన్నాడు.

"ఎందుకు క్లెమ్? పద, లోపలికి పోదాం."

"నాకు కనబడదురా. చదువు."

చదివాను. ఉంగరం మీది అంకెలు చదివాను, రెక్క మీది పేరు చదివాను. ఆయన మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. అప్పుడు చెప్పాడు, ఈస్టర్‌కు ముందే డాక్టరు చెప్పాడట. రెండు కళ్ళకూ నడిమి చూపు పోతోంది, మందు లేదు. పక్క చూపు ఉంటుంది. ఏవిస్ ముఖం చూడాలంటే ఆమె చెవి వైపు చూడాలట. ఎగిరేది ఏదైనా ఓరగా తెలుస్తుంది కాబట్టి తుపాకికి ఇబ్బంది లేదని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. తెల్ల పట్టీ బదులు ఏదో తెల్లగా కదిలితే చాలనుకున్నాడు.

"చాలనుకున్నాను. ఈ ఒక్క కోతకాలం గడిస్తే ఆపేద్దామనుకున్నాను."

నాకు నోటికొచ్చింది అనేశాను. ఇది మన ఇద్దరికే తెలుసు, కంచె కింద పూడ్చేద్దాం, డేగ ఎత్తుకుపోయిందనుకుంటాడు ఐవర్, ఏటా డేగలు తినేవి తక్కువా? నువ్వు రేపటినుంచి రావద్దు, జ్వరమని చెప్తాను. హిలరీకి తెలియనక్కర్లేదు, ఊళ్ళో తెలియనక్కర్లేదు, యాభై ఏళ్ళ పేరు పోదు. అన్నీ సబబైన మాటలే, ఇప్పుడు తలుచుకున్నా నాకు సబబుగానే అనిపిస్తాయి.

క్లెమ్ పావురం ఈకల మీది బురద తుడుస్తున్నాడు. "ఐవర్ ఇంకా పెరట్లోనే ఉన్నాడా?" అన్నాడు.

"పొద్దున చూశాను. ఉన్నాడు."

"అయితే పద. రాదని తెలిసేదాకా ఆ మనిషి కుర్చీలోంచి లేవడు. నేను లేవకపోతే ఆయనా లేవడు."

నా కారులో వెళ్ళాం. ఐవర్ గొడుగు కింద అదే కుర్చీలో ఉన్నాడు. మమ్మల్ని చూసి డబ్బా గలగల ఆపాడు. క్లెమ్ కోటు మడతలోంచి పావురాన్ని తీసి రెండు చేతులతో అందించాడు. ఐవర్ తీసుకుని రెక్క విప్పాడు, మళ్ళీ ముడిచాడు.

"ఎక్కడ?"

"జనుపచెక్కలో. నేనే కొట్టాను."

"దిగుతుంటేనా?"

"దిగుతుంటే."

"కనబడలేదా నీకు?"

"కనబడలేదు ఐవర్. ఈస్టర్ నుంచీ సరిగా కనబడట్లేదు. తెలిసీ తుపాకి పట్టుకెళ్ళాను."

ఐవర్ అరుస్తాడేమో, కొడతాడేమో అనుకున్నాను. ఆయన ఆ పావురం డొక్క నొక్కి చూసి, "ఎంత చిక్కిపోయిందో" అన్నాడు. "రెండు మైళ్ళు. ఇంకో రెండు మైళ్ళు ఎగిరుంటే నా దగ్గరుండేది." తర్వాత క్లెమ్ మొహంలోకి చూడకుండానే, "వెళ్ళు. నీతో ఏం మాట్లాడినా తర్వాత నాకే బాధ" అన్నాడు. డబ్బా, కుర్చీ తీసుకుని పావురాల గూటిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆయన ఈ రోజుకూ క్లెమ్‌తో మాట్లాడడు. నేను ఆయన్ని తప్పుపట్టను.

అక్కడినుంచి హిలరీ దగ్గరికి. ఆమె ధాన్యం కొట్టులో తేమ యంత్రం పట్టుకుని ఉంది. క్లెమ్ రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆమె యంత్రంలో గింజలు మార్చి మళ్ళీ తేమ కొలిచింది. పొలంలో ఇంకా సగం గోధుమ ఉంది, పావురాలు రోజుకింత తింటున్నాయి, ఈ సమయంలో వేరే మనిషిని ఎక్కడ వెతుకుతుంది?

"నువ్వు చెప్పింది నేను వినలేదు అనుకో" అంది చివరికి. "ఐవర్‌కు నేను నచ్చజెప్తాను. డెరిక్ నీ పక్కన కూర్చుని చూసి చెప్తాడు. శనివారం దాకా, క్లెమ్. అంతే అడుగుతున్నా."

నేనైతే ఒప్పుకునేవాణ్ణి. అనుమతి ఇచ్చే మనిషే కాల్చమంటుంటే ఇంక ఎవరికి జవాబు చెప్పాలి? క్లెమ్ తల అడ్డంగా ఊపాడు.

"ఈ రోజు పావురం అమ్మాయ్. రేపు ఆ చేలో నడిచేది నువ్వు కావచ్చు, వీడు కావచ్చు. నాకు మీ ఇద్దరూ మచ్చలే."

తుపాకిని ఆ సాయంత్రమే, లైసెన్సుతో సహా, టౌనులో పోలీసు స్టేషన్లో అప్పజెప్పాడు. కారు తోలుకెళ్ళిన ఏవిస్ ఆ రోజంతా ఒక్క మాటా మాట్లాడలేదట. ఆ తర్వాత పబ్బులో ఎవరు అడిగినా ఆయనే చెప్పేవాడు, నేను కళ్ళు లేకుండా కాల్చానని. పేరు పోయిందా అంటే పోయింది. ఇప్పుడు ఆయన్ని పెద్ద వేటగాడని ఎవరూ అనరు, ఐవర్ పావురాన్ని కొట్టినవాడంటారు.

రాత్రంతా పొడిగాలి వీచి, శుక్రవారం తేమ పదిహేడుకు దిగింది. హిలరీ నన్ను మిషన్ తియ్యమంది. రోడ్డు చివరనుంచి మొదలుపెట్టి, మొదటి చాలు కోసి మలుపు తిప్పేసరికి, పొలం ఆ పక్కన ఒక మనిషి నడుస్తున్నాడు. క్లెమ్. చేతుల్లో ఆపిల్ పెట్టె పలకలు రెండు, తోలు ముక్కతో కట్టినవి. నాలుగడుగులు నడవడం, పలకలు టపటపా కొట్టడం. వెనకటి కాలంలో పక్షులను తోలడానికి కూలికి పెట్టుకున్న మనుషులు అలాగే చేసేవారని మా నాన్న చెప్పేవాడు. నేనెప్పుడూ చూడలేదు.

పావురాలు గుంపుగా లేస్తున్నాయి. అవి ఎటు వెళ్ళాయో ఆయన చూడడం లేదు. అడవి పావురం లేచినప్పుడు రెక్కలు చప్పట్లు కొట్టినట్టు మోగుతాయి. ఆయన ఆగి, చెవి ఒగ్గి, ఆ చప్పుడు ఎక్కడ దిగిందో పట్టుకుని, అటే నడిచేవాడు. అలా పొద్దున ఏడింటినుంచి చీకటి పడేదాకా, శుక్రవారం, శనివారం, ఆదివారం. హిలరీ స్వయంగా టీ పట్టుకెళ్ళి ఇచ్చింది. ఆమె నిలబడి ఏదో చెప్పడం, ఆయన తల ఊపడం, ఆమె కళ్ళు తుడుచుకుంటూ తిరిగి రావడం క్యాబిన్లోంచి చూశాను.

దిగుబడి సగమే వచ్చింది. పొలం మాత్రం ఆ ఏడాదికి ఆమె చేతుల్లోనే మిగిలింది.

ఆదివారం సాయంత్రం చివరి మూల ఒకటి మిగిలింది. మిషన్ ఆపి, ఆయన పక్కన నిలిపి, ఇంక ఇంటికి వెళ్ళు క్లెమ్, కాస్తే ఉంది అన్నాను.

"ఉన్నది ఎటువైపు?" అన్నాడు.

చెయ్యి చూపించాను. ఆయన అలాగే నా గొంతు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. అప్పటికి గానీ నాకు బుద్ధి రాలేదు. మిషన్ దిగి, ఆయన భుజం పట్టుకుని, ఆ మూలకేసి తిప్పాను. పలకలు కొట్టుకుంటూ నడిచాడు.